అటాచ్డ్ అనే ముందు

హారికకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు. ఇంకా తల దువ్వుకుంటూనే ‘బయల్దేరిపోయా’ అంటుంది. జర్మనీలోని ఇల్మెనౌలో చదివే రోజుల్లో రూమ్మేటు గీతిక బస్టాపు నుంచి ఫోన్ చేస్తే, మంచం కింద షూ కోసం వెతుక్కుంటూ ‘వచ్చేశా, నీ వెనకే ఉన్నా’ అనేది. గీతిక పాపం నిజంగానే వెనక్కి తిరిగి చూసేది. దీన్ని అబద్ధమంటే హారిక ఒప్పుకోదు. తెనాలిలో వాళ్ళింట్లో అందరూ ఇలాగే మాట్లాడతారు. బియ్యం పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే వాళ్ళమ్మ అన్నం అయిపోయింది రమ్మని కేకేస్తుంది. విన్నవాళ్ళు అరగంట ఆగి తీరిగ్గా వస్తారు. చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నేల మీద ఉన్నంతవరకు నష్టం లేదు. హారిక ఉద్యోగం నేలకు నూట నలభై మీటర్ల ఎత్తున.

ష్వైన్‌ఫర్ట్ ఊరికి ఉత్తరాన, బీట్‌దుంప పొలాలు ఆగిపోయి అడవి మొదలయ్యే చోట, పదకొండు గాలిమరలు గుట్ట అంచున వరసగా ఉన్నాయి. వాటి బాగోగులు చూసే కంపెనీలో ఆమె చేరి ఆరు నెలలు కావస్తోంది. అక్కడ ఎవరూ ఒంటరిగా ఎక్కరు, ఇద్దరిద్దరే. ఆమెకు జోడీగా, పని నేర్పే పెద్దగా రవికిరణ్‌ను వేశారు. హనుమకొండ మనిషి, నలభై రెండేళ్ళు, ఎనిమిదేళ్ళుగా ఇదే పని. మొదటిరోజు ఆమె ‘రవికిరణ్ గారూ’ అంటే, పైన గాలికి ఆ గారు కొట్టుకపోతది, అన్నా అను చాలని నవ్వాడు. పొద్దున వ్యాన్ ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా ఇద్దరికీ తెలుగే. ఆయన కూతురు ఈషా తండ్రికి జర్మన్‌లో తప్ప జవాబివ్వకపోవడం, హారికకు ఇల్లు దొరక్కపోవడం, వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడం ఎంత గగనమో, అన్నీ తెలుగులోనే. ఒక్క మాట మాత్రం తెలుగులో అనడానికి వీల్లేదు. ఆ మాట ‘అటాచ్డ్’.

దాని సంగతి చెప్పాలి. పైకి ఎక్కే ప్రతి మనిషి ఒంటికీ పట్టీలు బిగించి ఉంటాయి. వాటి నుంచి రెండు తాళ్ళు, రొమ్ము దగ్గర పొట్టిది ఒకటి, వీపు దగ్గర పొడుగుది ఒకటి. ఒక్కో తాడు చివర ఒక్కో హుక్కు. గాలిమర నెత్తిన ఒక ఇంజను గది, ఆ గది కప్పు మీద అక్కడక్కడా ఉక్కు కడియాలు ఉంటాయి. కప్పు మీద నడిచేవాడు ఏ క్షణమైనా కనీసం ఒక కడియానికి తగులుకునే ఉండాలి. వీపు హుక్కు ఎవరికి వారికి కనబడదు గనక దాన్ని జోడీ మనిషి తగిలించాలి. హుక్కు నోరు టక్కున మూసుకున్నాక, ఒకసారి గట్టిగా లాగి చూశాక, అప్పుడు ‘అటాచ్డ్’ అనాలి. ఎదుటి మనిషి అది విని, తనూ ‘అటాచ్డ్’ అని తిరిగి పలికి, ఆ తర్వాతే తన రొమ్ము హుక్కు విప్పుకోవాలి. పోలండువాడైనా, రుమేనియావాడైనా, జర్మనీవాడైనా అదే పద్ధతి, అదే మాట.

ఆ మాట మీద రవికిరణ్ పట్టింపు చూస్తే హారికకు మడి కట్టుకున్న మామ్మలు గుర్తొచ్చేవారు. చేరిన కొత్తలో ఒకసారి ఆమె ‘ఆ, పెట్టేశా అన్నా’ అంది. ఆయన అడుగు కదపలేదు. ఆమె వెళ్ళి, లాగి చూసి, అసలు మాట పలికేదాకా నిచ్చెన మీద అలాగే నిలబడ్డాడు. తర్వాత కాఫీ తాగుతూ చెప్పాడు.

“మన భాషల పని కాకముందే ఐపోతది హారికా. చెయ్యి హుక్కు మీద పడంగనే పెట్టేసిన అంటం. గీ మాట గట్ల గాదు. అయినంకనే అనాలె.”

హారిక బుద్ధిగా తలూపింది. మనసులో మాత్రం, చాదస్తం, అనుకుంది. ఇంగ్లీషులో అన్నంత మాత్రాన అలవాటు పోతుందా? నాలుగు నెలల్లో ఆ మాటా ఆమె నోట ‘వచ్చేశా’ లాగే తయారైంది. హుక్కు కడియాన్ని తాకగానే నోరు ముందు పలికేది, చెయ్యి తర్వాత పని పూర్తిచేసేది. రెంటికీ మధ్య ఒక్క క్షణం తేడా. ఆ క్షణంలో ఎప్పుడూ ఏమీ జరగలేదు గనక ఆమె దాన్ని లెక్కపెట్టలేదు.

నవంబరులో ఒక మంగళవారం ఏడో నంబరు గాలిమర మీద పని పడింది. కప్పు చివర స్తంభానికి ఉండే గాలి మీటరు పాడైంది, కొత్తది బిగించాలి. ఆ వారంతో హారిక ప్రోబెట్సైట్ ముగుస్తుంది. ఆరు నెలల పరీక్షాకాలం గట్టెక్కాలంటే కప్పు మీద పని చెయ్యగలదని రవికిరణ్ సంతకం పెట్టాలి. కాగితం ఆయన జేబులోనే ఉంది. అందుకని ఆమె పొద్దుటినుంచీ మహా చురుగ్గా ఉంది. ఆయన అడగకముందే పానా అందించింది, చెప్పకముందే పెట్టె మూత తీసింది.

మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందని ముందే తెలుసు. సెకనుకు పన్నెండు మీటర్లు దాటితే కప్పు మీద మనిషి ఉండకూడదు. పదకొండింటికి తలుపు తెరిచి చేతి మీటరు పట్టుకుంటే పది చూపించింది. రవికిరణ్ కాసేపు ఆలోచించి, పావుగంటలో ముగించుకొని దిగుదామన్నాడు. ఆ గొంతులో మామూలుగా లేని తొందర ఉందని హారికకు అనిపించింది గానీ, సంతకం ధ్యాసలో పడి ఆ సంగతి పట్టించుకోలేదు.

కప్పు ఒక లారీ అంత పొడవుంటుంది. మొదటి కడియం తలుపు పక్కన, రెండోది నడుమ, మూడోది చివర స్తంభం మొదట్లో. నడుమ కడియం దాటాక కప్పు తోక వైపుకు కొంచెం వాలుగా ఉంటుంది. నీడ పడే ఆ భాగంలో రాత్రి పట్టిన మంచు ఇంకా కరగలేదు. అక్కడ నడిచేవాళ్ళు వీపు తాడు మీద కాస్త బరువు వేసి, వెనక్కి వాలి, ఆ ఆసరాతో అడుగులు వేస్తారు.

రొమ్ము హుక్కు నడుమ కడియానికి వేసుకొని నిలబడ్డ ఆయన, మీటరు పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకోబోతూ, వీపు హుక్కు కూడా దానికే వెయ్యమన్నాడు. హారిక తన తాళ్ళు తలుపు పక్క కడియానికి ఉండగా, ఒళ్ళు సాగదీసి, చెయ్యి చాపి ఆయన హుక్కు నడుమ కడియం దాకా తెచ్చింది. బొటనవేలితో హుక్కు నోరు తెరిచింది. దాని ముక్కు కడియాన్ని తాకింది.

“అటాచ్డ్,” అంది.

ముందు టక్కుమన్నది ఆయన రొమ్ము హుక్కు, విప్పుకున్న చప్పుడు. ఆయన పెట్టె ఎత్తుకొని కదిలాడు. హారిక బొటనవేలు వదిలింది. దళసరి చేతొడుగు అంచు హుక్కు నోట్లో ఇరుక్కొని ఉంది. ఆమె చెయ్యి లాక్కునేసరికి హుక్కు కూడా చేతొడుగుతోపాటు బయటికొచ్చింది, జారి కప్పు మీద పడింది. ఆయన అడుగు వేసేకొద్దీ ఆ హుక్కు ఆయన వెనకే ఈడ్చుకుంటూ పోయింది.

రవికిరణ్ ఇప్పుడు దేనికీ తగులుకుని లేడు. నూట నలభై మీటర్ల ఎత్తున, మంచు పట్టిన వాలు మీద, రెండు చేతుల్లో పెట్టెతో నడుస్తున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఇంకో మూడడుగులు వేస్తే స్తంభం. అక్కడ పెట్టె దించి ఆయనే రొమ్ము హుక్కు తగిలించుకుంటాడు. నోరు మూసుకొని ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. సంతకం పడుతుంది, సాయంత్రం ఆయన ఇంటికి పోతాడు, తను తన గదికి పోతుంది. ఈ ఆలోచన ఆమెకు వచ్చింది. రాలేదని తర్వాత ఎప్పుడూ తనకు తాను చెప్పుకోలేదు. కానీ వాలు ఎదురైంది. ఎప్పటిలాగే తాడు మీద బరువు వెయ్యడానికి ఆయన వీపు వెనక్కి వాలడం మొదలైంది.

“అన్నా, తాడు మీద వాలకు. నువ్వు అటాచ్ అయి లేవు.”

అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడని అంత భయంలోనూ ఎందుకో తట్టింది. రవికిరణ్ ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు, ఏమిటని అడగలేదు. మెల్లగా మోకాళ్ళు వంచి కూర్చోబోయాడు. అప్పుడే గాలి ఒక్క తోపు తోసింది. మంచు మీద కుడికాలు జారింది. ఆయన బోర్లా పడి, ఎడమ అంచు వైపుకు ఒక నిలువు దూరం జారాడు. పెట్టె చేతుల్లోంచి పోయింది. అది కప్పు మీద గరగరా జారి అంచు దాటింది. ఎంతోసేపటికి కింద పొలంలో దబ్బుమన్న చప్పుడు చిన్నగా వినిపించింది.

కప్పు రెండు ముక్కలు కలిసే చోట ఒక వేలెత్తు గట్టు ఉంది. రవికిరణ్ వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. బూట్ల కింద అంచుకు ఇంకో జానెడే. గాలి వచ్చినప్పుడల్లా ఆ బూట్లు కొంచెం కదులుతున్నాయి.

“నువ్వు ఇప్పుకోకు,” అన్నాడు. ముఖం కప్పుకు ఆనించి ఉండడంతో గొంతు బొంగురుగా వచ్చింది. “ఎంత తొందరైనా సరే, ఒక్కటి పెట్టినంకనే ఇంకోటి ఇప్పు. నువ్వు గూడ పడితే నన్ను లాగేటోళ్ళు లేరు.”

హారిక తన రొమ్ము హుక్కు విప్పింది. వీపుది ఇంకా తలుపు పక్క కడియానికే ఉంది. రొమ్ము హుక్కును నడుమ కడియం దగ్గరికి తెచ్చింది. చేతొడుగులు పళ్ళతో పీకి పారేసింది. ఉక్కు చల్లదనం వేళ్ళను కొరికింది. హుక్కు నోరు తెరిచి కడియంలోకి దూర్చింది.

“ఐందా?” అన్నాడు రవికిరణ్.

అయిపోయింది, అయిపోయింది అన్నా, వచ్చేశా. అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. భయపడుతున్న మనిషికి చెప్పాల్సిన మాటలే అవి. ఏడ్చే పిల్లాడికి సూది దిగకముందే అయిపోయిందని చెప్పే తల్లి ఏం పాపం చేస్తుంది? కానీ అయిందంటే ఆయన వేళ్ళు ఒక్క రవ్వ వదులు చేస్తాడు. గట్టు మీద తెల్లబడిపోయిన ఆ వేళ్ళనే హారిక చూస్తూ ఉంది.

“లేదన్నా. ఇంకా కాలేదు.”

ఆయన వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకోవడం ఆమెకు కనిపించింది. హుక్కు నోరు మూసుకుంది. లాగింది. మళ్ళీ లాగింది. తన గురించి తనే ‘అటాచ్డ్’ అని పైకి అంది. వీపు హుక్కు తనకు కనబడదు. తాడు పట్టుకొని లాక్కుంటూ తలుపు పక్క కడియం నుంచి తడుముతూ విప్పింది, తడుముతూనే నడుమ కడియానికి తగిలించింది. మూసుకుందో లేదో తెలియక వేలు లోపలికి పెట్టి చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. లేదంది. మూడోసారి అడిగినప్పుడు ఆ గొంతులో కోపం వినిపించింది, అయినా లేదంది. ఈ ఆరు నెలల్లో ఎవరికైనా, దేనికైనా ఇన్నిసార్లు లేదని చెప్పిందో లేదో ఆమెకు గుర్తులేదు.

రెండోదీ పడ్డాక బోర్లా పడుకొని, పాకుతూ ముందుకు వెళ్ళింది. తాళ్ళు బిగిసి ఆమెను ఆపేశాయి. చెయ్యి చాపితే ఆయన తాడు చివరి హుక్కు రెండు వేళ్ళ దూరంలో ఉంది. గాలికి అది కప్పు మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఒకసారి వేళ్ళకు తగిలి తప్పిపోయింది. రెండోసారీ తప్పిపోయింది. మూడోసారి గాలే దాన్ని ఇటు తోసింది. ఆమె అరచేతిలో ఇరికించుకొని గుప్పిట బిగించింది.

పట్టుకున్నానని చెప్పాలనిపించింది. చెప్పలేదు. పట్టుకోవడం తగిలించడం కాదు.

హుక్కును నడుమ కడియం వైపు లాగింది. తాడు బిగిసింది. కడియానికి ఒక మూర దూరంలో ఆగిపోయింది. ఆయన పక్కకు జారిపోవడంతో తాడు చాలలేదు. ఇంకొంచెం లాగితే ఆయన్నే కదిలించినట్టవుతుంది. ఆ మనిషి వేళ్ళ మీద ఉన్నాడు. హారికకు ఏడుపొచ్చింది. ముక్కులోంచి కారుతున్నది కన్నీళ్ళో చలికి కారుతున్నదో ఆమెకే తెలియలేదు.

“నా చేతులు పోతున్నయ్,” అన్నాడు రవికిరణ్. చాలా మామూలుగా అన్నాడు, టీ చల్లారిపోయిందన్నట్టు. “ఐందా?”

“లేదు.”

మనిషిని మనిషికి తగిలించకూడదని శిక్షణలో మొదటి వారమే చెప్పారు. ఒకరు పడితే రెండోవారూ పోతారు. హారిక పట్టీలకు నడుం పక్కన ఒక ఇనుప కన్ను ఉంది. ఆమె రెండు హుక్కులూ కడియానికి ఉన్నాయి, రెండూ లాగి చూసుకున్నవే. ఆయన హుక్కు నోరు తెరిచి ఆ కంట్లోకి దూర్చింది. బొటనవేలు తీసింది. టక్కుమంది. అయినా మాట రాలేదు. చూసుకుంది, లాగింది. తన నడుమే ముందుకు కదిలింది. ఇంకోసారి లాగింది.

“అటాచ్డ్.”

“దేనికి?”

“నాకు.”

ఆయన, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, “అటాచ్డ్,” అన్నాడు. ఒక చెయ్యి వదిలాడు.

పాక్కుంటూ రావడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. నడుమ ఒకసారి ఆయన మోకాలు జారింది. ఆయన బరువంతా ఆమె నడుముకు వచ్చి తగిలింది, ఎముకలు విడిపోయాయేమో అనిపించింది. రెండు తాళ్ళూ బిగిసి నిలబెట్టాయి. నడుమ కడియం దగ్గరికి చేరాక ఆయన రొమ్ము హుక్కును తనే తగిలించుకొని, ఒకటికి నాలుగుసార్లు లాగి, తల కప్పుకు ఆనించి అలాగే పడుకున్నాడు. తర్వాత ఒక్కో హుక్కూ మార్చుకుంటూ, ఒక్కోసారీ మాట పలుకుతూ, తలుపులోంచి లోపలికి దిగారు.

ఇంజను గదిలో ఆయన ఓ మూల చాలాసేపు కూర్చుండిపోయాడు. వేళ్ళ చివర్లు చిట్లి నెత్తురు కారుతోంది. హారిక గుడ్డ చుడుతుంటే చేతులు చాపాడు గానీ ముఖం చూడలేదు. ఆయన భార్య ప్రతిమ ఫోన్ చేసింది. నాలుగింటికి ఈషాను కీటా నుంచి, ఆ చిన్నపిల్లల బడి నుంచి, తీసుకురావడం ఎవరి వంతని అడుగుతున్నట్టుంది. తానే తెస్తానన్నాడు, ఏమైనా తిన్నావా అని అడిగాడు, ఫోన్ పెట్టేశాడు. నిచ్చెన దిగడం మొదలుపెట్టి కింద వ్యాన్ దగ్గరికి చేరేదాకా హుక్కుల మాట తప్ప ఇంకో మాట లేదు.

వ్యాన్‌లో హారికే ముందు నోరు తెరిచింది. ఫారం తనే నింపుతానంది. త్రుటిలో తప్పిన ప్రమాదాలకు కంపెనీలో ఒక ఫారం ఉంటుంది, ఫోన్‌లోనే నింపి పంపాలి. పెట్టె చేజారిందని రాసి ఊరుకోవచ్చు, కింద ముక్కలై పడి ఉన్నది అదొక్కటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆమె ఇంగ్లీషులో రాసింది: హుక్కు ఇంకా నా చేతిలో తెరిచే ఉండగా నేను అటాచ్డ్ అన్నాను. ఆ మాట నమ్మి ఆయన రెండో హుక్కు విప్పుకున్నారు. తప్పు నాది.

చదవమని ఫోన్ ఆయనకు ఇచ్చింది. రవికిరణ్ చదివాడు. చివరి రెండు వాక్యాల మీద చాలాసేపు ఆగాడు. తర్వాత, గుడ్డ చుట్టిన వేలితోనే, వాటిని ఒక్కో అక్షరం చెరిపేశాడు.

“అన్నా, అది నిజం,” అంది హారిక. “నన్ను కాపాడొద్దు. నేను తప్పు చెప్పా.”

“నువ్వు తప్పే చెప్పినవ్. అదట్లనే ఉంచిన. ఈ రెండే నిజం గాదు.” ఆయన అద్దంలోంచి పొలం వైపు చూస్తూ ఉన్నాడు. “నేను తిరిగి అన్ననా? యాద్ చేస్కో. అటాచ్డ్ అని నేను అన్ననా?”

హారిక గుర్తుచేసుకుంది. తన మాట, టక్కుమన్న చప్పుడు, ఆయన కదలడం. మధ్యలో ఏమీ లేదు. తన నోటి తొందరలో, ఎదుటి నోటి నుంచి రావాల్సిన మాట రాలేదని ఆమె గమనించనే లేదు.

“నీ మాట నేను ఇననే లేదు,” అన్నాడు రవికిరణ్. “గాలి పెరుగుతున్నదని, నువ్వు ఎట్లాగూ పెడ్తవని, నీ మాట కోసం ఆగకుండనే ఇప్పేసిన. నువ్వు సక్కగ పెట్టినంకనే చెప్పినా, ఆ నడుమ నేను దేనికీ లేను.” గుడ్డ చుట్టిన వేళ్ళ వైపు చూసుకున్నాడు. “ఎనిమిదేండ్ల సంది ఎంతమందికి చెప్పిన హారికా. నువ్వు ఆ మాట అనేదాక నిచ్చెన మీద నిలబడ్డ. నీ ముంగట మడి కట్టుకున్నోని లెక్క నీతులు చెప్పిన.”

ఆయన ఏడ్చాడు. ముఖం దాచుకోలేదు. హారికకు ఆయన మీద జాలి కలగలేదు, కోపమూ రాలేదు. తన మీద పడ్డ బరువులో సగం తగ్గాలి గదా అనుకుంది, తగ్గలేదు. ఆమె సగం ఆమెదే, ఆయన సగం ఆయనది. రెండూ కలిస్తే ఒక మనిషి చావు అయ్యేది.

రవికిరణ్ ముక్కు తుడుచుకొని, చెరిపిన చోట తన వాక్యం రాశాడు: ఆమె మాట వినకుండానే, తిరిగి పలక్కుండానే నేను హుక్కు విప్పుకున్నాను. కింద తన పేరు పెట్టి, ఫోన్ ఆమెకిచ్చాడు. ఆమె తన పేరు పెట్టింది. ఇది వెళితే ఆమె ప్రోబెట్సైట్ గట్టెక్కదేమో, ఆయన పెద్దరికం ఉండదేమో. కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

హారిక పంపే బొత్తాం నొక్కింది. ఆ గుట్ట మీద సిగ్నల్ అంతంతమాత్రం. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది.

“పంపినవా?” అన్నాడు రవికిరణ్, తాళంచెవి మీద చెయ్యి వేసి.

“లేదన్నా. ఇంకా పోలేదు.”

ఆయన తాళంచెవి మీంచి చెయ్యి తీసేశాడు. ఇద్దరూ ఆ చక్రం ఆగేదాకా చూస్తూ కూర్చున్నారు.